ఓడలో వాంతులు, విరేచనాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: క్రూయిజ్ ఓడలో ఉన్నాం. రెండు రోజులుగా చాలామందికి వాంతులు, విరేచనాలు. బఫేలో గరిటెలు ముట్టుకోనివ్వడం లేదు, సిబ్బందే వడ్డిస్తున్నారు. అడుగడుగునా శానిటైజర్ పెట్టారు. మాటిమాటికీ రాసుకుంటున్నాం. సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. ఓడల్లో ఇలా చుట్టేసేది ఎక్కువగా నోరోవైరస్. శానిటైజర్‌లోని ఆల్కహాల్ కొన్ని వైరస్‌ల పైనుండే కొవ్వు పొరను కరిగించి దెబ్బతీస్తుంది. దీనికి ఆ పొరే లేదు. సబ్బుతో రుద్దితే చర్మాన్ని వదులుతుంది, నీళ్లకు కొట్టుకుపోతుంది. కనీసం 20 సెకన్లు రుద్దండి. బొటనవేలు, గోళ్ల అడుగు చాలామంది వదిలేస్తారు. చెయ్యి తుడుచుకున్న కాగితంతోనే కుళాయి కట్టేయండి, తలుపు తీయండి.

కడుక్కున్నాక మెట్ల రెయిలింగు, లిఫ్ట్ బటను, మెనూ కార్డు ముట్టుకుని, అదే చేత్తో రొట్టె తుంచితే కడిగిన ఫలితం పోయినట్టే. బఫే గరిటెలు తీసేసిందీ ఇందుకే. వందల చేతులు పట్టుకునే వస్తువది, జబ్బు రావడానికి కొన్ని పదుల వైరస్ కణాలు చాలు.

ప్రశ్న: అర్ధరాత్రి మావారికి రెండుసార్లు వాంతయింది. డాక్టరుకు చెబితే గదిలోంచి కదలనివ్వరట. పొద్దున రేవులో దిగాలి. మాత్ర వేసి ఊరుకోవచ్చా?

జవాబు: ఊరుకోవద్దమ్మా. ఇప్పుడే గది ఫోనులోంచి వైద్యకేంద్రానికి చెప్పండి. మీరు దాస్తే గది శుభ్రం చేసేవాళ్లకు సంగతి తెలియదు. మామూలు మందుతో తుడిచి, ఆ గుడ్డతోనే పక్క గదికి వెళ్లే ప్రమాదముంది. తెలిస్తే ఘాటైన క్లోరిన్ ద్రావణంతో వస్తారు. అమెరికా రేవులకు వచ్చే ఓడల్లో లక్షణాలు తగ్గాక కూడా కనీసం 24 గంటలు గదిలోనే ఉండమంటారు. వంట, వడ్డన సిబ్బందికైతే అది 48 గంటలు. రేవు చూడలేకపోవడం బాధే, కానీ ఈ గడువు పాటించి తీరాలి.

వాంతి పడిన చోటికి మీరు వెళ్లకుండా గది శుభ్రం చేసే స్టీవార్డును పిలవడం మేలు. తప్పనిసరైతే గ్లవుజులు, మాస్కు వేసుకుని, పైన కాగితపు తువ్వాళ్లు పరిచి, అంచుల నుంచి మధ్యకు తీయండి. తడిసిన దుప్పట్లు దులపకండి, లోపలికి మడిచి సంచిలో కట్టేయండి. టాయిలెట్ మూత వేశాకే ఫ్లష్ నొక్కండి. తుంపర్లు బ్రష్షుల దాకా ఎగురుతాయి.

వాంతయ్యాక పది నిమిషాలు ఆగి, ఓఆర్‌ఎస్ చెంచా చెంచాగా పట్టండి. గుటకగుటకా తాగిస్తే మళ్లీ కక్కేస్తారు. పొట్లం దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటికి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, తలగొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువైతే హాని. యాంటీబయాటిక్ వైరస్‌కు పనిచేయదు. విరేచనాలు ఆపే మాత్ర డాక్టరు చెప్పందే వద్దు. జ్వరమో, రక్తమో ఉంటే అసలే వద్దు. మూత్రం బాగా తగ్గినా, లేస్తే కళ్లు తిరిగినా వెంటనే డాక్టరును రమ్మనండి. వైరస్ సోకిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది కాబట్టి రెండు రోజులు మీ ఒంట్లోనూ ఎలా ఉందో చూసుకోండి. తువ్వాళ్లు వేరు పెట్టుకోండి.

ప్రశ్న: ఓడ కుళాయి నీళ్లు తాగొచ్చా?

జవాబు: వద్దని కెప్టెన్ చెప్పకపోతే తాగొచ్చు, వాటిలో క్లోరిన్ కలుపుతారు. సీసా మూతిని మాత్రం కుళాయికి ఆనించకండి, ఐసు తొట్టిలో గ్లాసు ముంచకండి.