నిధులు నిదానమా, నిధానమా?

సందేహం: రెండో ప్రపంచ యుద్ధానికి ముందు సింగపూర్ గగనతల రక్షణ గురించి రాస్తూ ‘బ్రిటన్ తన వలస ప్రాంతానికి నిధులు నిధానంగా ఇచ్చింది’ అన్నాను. మిత్రుడు ‘నిదానంగా’ అని దిద్దారు. ఏది ఒప్పు? – ఒక పాఠకుడు

సమాధానం: దిద్దుబాటు సరైనదే. నెమ్మది అనే అర్థంలో దకారమే రాయాలి. ఈమధ్య రోడ్డు పక్క బోర్డుల మీద కూడా ‘నిధానమే ప్రధానం’ కనిపిస్తోంది. ‘ప్రధానం’లోని వత్తు పక్క మాటకు అంటుకుంది. వత్తు ఊరికే వస్తుంది కదా అని దొరికిన అక్షరానికల్లా తగిలించడం ఏం ముచ్చటో!

‘నిదానం త్వాదికారణమ్’ అన్నాడు అమరకోశం రాసిన అమరసింహుడు. అంటే మూలకారణం. వైద్యుల రోగనిదానం ఇదే. కారణం వెతికేవాడికి తొందర పనికిరాదు కనుక తెలుగులో ఈ మాట నెమ్మదికి పేరయిందని నా ఊహ. పట్టుబట్టను.

‘నిధానం’ పుట్టుక వేరు. ‘ధా’ అంటే ఉంచడం. ‘ని’ చేరితే లోపల దాచడం. నిధి, నిధానం రెండూ పాతర సొమ్మే. దాచినదాన్ని చెప్పే మాటతో ఇప్పుడు ఖర్చుపెట్టేదాన్ని ‘నిధులు’ అంటున్నాం, అది వేరే సంగతి. ముందు ‘సం’ చేరిస్తే సన్నిధి. ఒక్క ఉపసర్గతో పాతరలోని మాట దేవుడి ఎదుటికి వచ్చి నిలబడింది! ఈ అక్కచెల్లెళ్లను ఎదురెదురుగా నిలిపి, కల్యాణిలో ‘నిధి చాల సుఖమా, రాముని సన్నిధి సేవ సుఖమా’ అని అడిగాడు త్యాగయ్య. ఒకే ధాతువులో ఇంత తగవు పెట్టగలవాడు ఇంకొకడు లేడు.

మీ సింగపూర్ కథకూ ఆ పల్లవే సరిపోతుంది. 1938లో తెరిచిన నౌకాస్థావరానికి దాదాపు 6 కోట్ల పౌండ్ల నిధి. అందులో ఉండవలసిన నౌకాదళానికి మాత్రం సన్నిధి లేదు. తీరాన్ని ఫిరంగులు కాపాడాలా, టార్పెడో విమానాలా అని నౌకాదళమూ వాయుసేనా ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. 1935లో పొరుగు రాజ్యమైన జోహోర్ సుల్తాన్ ఇచ్చిన 5 లక్షల పౌండ్ల కానుకలో చాలా భాగం 15 అంగుళాల ఫిరంగులకే పోయింది. పదేళ్లదాకా పెద్ద యుద్ధం రాదన్న 1919 నాటి లెక్కతో 1932 దాకా బ్రిటన్‌లో బడ్జెట్లు వేసుకున్నారు. ఆ నిదానానికి అదీ ఒక నిదానం!

మలయా, సింగపూర్‌లకు 336 విమానాలు కావాలని 1940లో లండన్ సేనాధిపతులు లెక్కగట్టారు. అవీ చాలవన్నారు అక్కడి అధికారులు. 1941 డిసెంబరు 8న జపాన్ దాడి చేసేనాటికి ఉన్నవి 158. మరుసటి జనవరిలో 51 హరికేన్ యుద్ధవిమానాలు ఓడల్లో వచ్చాయి, విడిభాగాలుగా, చెక్కపెట్టెల్లో. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది.

నిధుల మంజూరు గురించి రాసినచోట మీ వత్తు తీసేయండి. ఆ పెట్టెల ప్రస్తావన వస్తే మాత్రం ‘నిధానం’ అన్నా నేను తప్పుపట్టను.