ఎనిమిది నెలలు కారు వాడనప్పుడు వారానికోసారి స్టార్ట్ చేయిస్తే సరిపోతుందా?

మీరు ఉద్యోగం మీద ఎనిమిది నెలలు బయటికి వెళ్తున్నారు. ఐదేళ్ల నాటి పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు, పైన కప్పు ఉన్న పార్కింగులో పెడుతున్నారు. మీ తమ్ముడు వారానికోసారి వచ్చి ఓ పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి వెళ్తానన్నాడు, అది చాలా, ఇంకేమైనా చెయ్యాలా అని అడిగారు. ఇంకా చెయ్యాల్సినవి చాలానే ఉన్నాయి గానీ, ముందు ఆ పది నిమిషాల పని మాత్రం వద్దని చెప్పండి.

నాది షిప్పు మీద ఉద్యోగం, ఇంజన్ రూములో. ఒకసారి ఎక్కానంటే నెలల తరబడి ఇంటి మొహం చూడను. బండి అలా పడి ఉండాల్సిందే. ఏళ్లుగా ఇదే వరస కాబట్టి ఏది అవసరమో, ఏది ఊరికే చెప్పే మాటో కాస్త తెలిసింది.

లీటరు పెట్రోల్ కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు తయారవుతాయి, ఆవిరి రూపంలో. ఇంజన్, సైలెన్సర్ బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. నిలబెట్టి పది నిమిషాలు ఆన్ చేస్తే సైలెన్సర్ చివరిదాకా వేడి చేరదు. ఆవిరి అక్కడే నీరై నిలిచి, లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. చల్లని ఇంజన్ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, అందులో కాలనిది కొంత, నీటి ఆవిరి కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్లోకి దిగుతుంది. వారం వారం ఇదే జరుగుతుంటే ఆయిల్ ఏమవుతుందో ఆలోచించండి. బ్యాటరీకైనా మేలు జరుగుతుందా అంటే, అదీ అనుమానమే. నిలబెట్టి ఆన్ చేసిన ఇంజన్ మీద ఆల్టర్నేటర్ ఇచ్చే చార్జింగ్ అంతంతమాత్రం, పది నిమిషాల్లో బ్యాటరీ నిండదు. షిప్పులో కూడా జనరేటర్‌ను లోడు లేకుండా ఎక్కువసేపు నడపనివ్వరు, మసి పట్టి పాడవుతుందని.

నాతో పనిచేసే ఒకాయన కారు ఇలాగే వారానికోసారి స్టార్ట్ చేయించేవారు. సెలవుకి వెళ్లినప్పుడు ఆయన ఆయిల్ పోసే మూత తిప్పి నాకు చూపించారు. మూత అడుగున లేత పసుపు రంగులో మీగడలా జిగురు పేరుకుని ఉంది, వేలితో తీస్తే వస్తోంది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయి కూలెంట్ ఆయిల్లో కలిసినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి ముందు కూలెంట్ చూశాం. చుక్క తగ్గలేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా మామూలుగానే ఉంది. అది ఆవిరి నీళ్ల పనే. ఆయిల్ మార్చి, హైవే మీద బాగా నడిపాక మళ్లీ రాలేదు.

కాబట్టి మీ ముందు రెండే దారులున్నాయి. మీ తమ్ముడు రెండు వారాలకోసారి బండి బయటికి తీసి, ఏసీ వేసుకుని, ముప్పావుగంట రోడ్డు మీద సరిగ్గా నడపగలడా? నడపగలిగితే టైర్లలో గాలి చూసుకోమని చెప్పి తాళం ఆయన చేతిలో పెట్టండి, కింద రాసినవాటిలో చాలావరకు అవసరం లేదు. అంత తీరిక లేదంటే బండిని పూర్తిగా పడుకోబెట్టెయ్యండి, మధ్యలో లేపొద్దు. ఈ రెంటికీ మధ్య చేసే పనులన్నీ బండికి చేటే.

పడుకోబెట్టడంలో అన్నిటికన్నా ముందు బ్యాటరీ. ఆపేసిన కారు కూడా కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది: అలారం, రిమోట్ సిగ్నల్ కోసం కాచుకుని ఉండే లాకులు, గడియారం, కంప్యూటర్. 30 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం, మామూలు కారుకి అది ఎక్కువేం కాదు. రోజుకి 0.7 ఆంపియర్ అవర్లు పోతుంది. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు నెలల్లో ఒట్టిపోతుంది, సెల్ఫ్ కొట్టలేని స్థితికి అంతకన్నా ముందే వస్తుంది. అలా ఖాళీగా ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, తర్వాత చార్జ్ చేసినా పూర్వపు సత్తా రాదు.

అందుకని టెర్మినల్ విప్పెయ్యండి. ముందు నెగటివ్ విప్పాలి. పాజిటివ్ విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలిందంటే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది, స్పానరే అతుక్కుపోవచ్చు. నెగటివ్ ముందు తీసేస్తే ఆ భయం లేదు. చాలా కార్లకి 10 నంబర్ స్పానర్ సరిపోతుంది. నట్టు వదులు చేసి, క్లాంపును అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగి, వైరును పక్కకి వంచి గుడ్డ చుట్టెయ్యండి, దానంతటది వెనక్కొచ్చి తగలకుండా. అంతకన్నా ముందు కిటికీలన్నీ మూసెయ్యండి, మ్యూజిక్ సిస్టమ్‌కి కోడ్ ఉంటే రాసి పెట్టుకోండి. తర్వాత రిమోట్ పనిచెయ్యదు, తాళంచెవితోనే తలుపు వెయ్యాలి. కొన్ని కార్లలో డిక్కీ కరెంటుతోనే తెరుచుకుంటుంది, అందులో కావాల్సినవేమైనా ఉంటే ముందే తీసేసుకోండి.

టెర్మినల్ విప్పినంత మాత్రాన ఎనిమిది నెలలు అలాగే నిలవదు. బ్యాటరీ తనంతట తనే కూడా దిగిపోతుంటుంది, ఎండాకాలం మరీ త్వరగా. మీ తమ్ముడు ఏదో ఒకటి చేస్తానంటున్నాడు కదా, ఈ పని అప్పజెప్పండి: రెండు నెలలకోసారి మల్టీమీటర్ పెట్టి చూడమనండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4కి వచ్చిందంటే చార్జర్ పెట్టాలి. 12 దగ్గరికి వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. పార్కింగులో ప్లగ్ పాయింట్ ఉంటే బ్యాటరీ మెయింటెయినర్ తగిలించి వదిలెయ్యొచ్చు, నిండాక అదే తగ్గించుకుంటుంది. నాకైతే ప్లగ్ పాయింట్ లేదు, బ్యాటరీ ఇంట్లోకి తెచ్చి పెట్టించుకుంటాను.

తర్వాత హ్యాండ్‌బ్రేక్. లాగి వదిలేస్తే నెలల తేమకి బ్రేక్ షూలు డ్రమ్ముకి అతుక్కుంటాయి, తర్వాత బండి కదపబోతే చక్రం తిరగదు. నేల చదునుగా ఉన్నచోట పెట్టి, ఫస్ట్ గేరులో వేసి, చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించెయ్యండి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో బ్యాటరీ విప్పకముందే దాన్ని వదిలించాలి. ఎలాగో మాన్యువల్లో చూసుకోండి.

టైర్లలో గాలి మామూలుకన్నా ఐదారు పీఎస్ఐ ఎక్కువ పట్టించండి, టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటకుండా. బరువంతా ఒక్కచోటే పడితే ఆ చోట టైరు చదునవుతుంది. జాకీ స్టాండ్ల మీద ఎత్తమని కొందరంటారు. ఎనిమిది నెలలకి అంత అవసరం లేదని నా అభిప్రాయం. బ్యాటరీ చూడ్డానికి వచ్చినప్పుడల్లా మీ తమ్ముడు న్యూట్రల్ చేసి, మరొకరి సాయంతో బండిని అర అడుగు తోసి మళ్లీ గేరులో వేసి దిమ్మెలు పెడితే చాలు. ఒక్కడే ఉన్నప్పుడు మాత్రం ఆ పని వద్దు.

ఇంజన్ ఆయిల్ వచ్చాక మార్చుకుందాం అనుకుంటారు చాలామంది. వెళ్లే ముందే మార్చండి. వాడిన ఆయిల్లో ఆమ్లాలు, తేమ ఉంటాయి. అవి ఎనిమిది నెలలు బేరింగులను అంటుకుని కూర్చోవడం మంచిది కాదు. మార్చాక ఒకసారి బాగా తిప్పి తెచ్చి పెట్టండి. కూలెంట్ బదులు ఎవరైనా ఒట్టి నీళ్లు పోసి ఉంటే ఇప్పుడే మార్పించండి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, మార్చి రెండేళ్లు దాటి ఉంటే అదీ ఇదే విజిట్‌లో అయిపోతుంది.

పెట్రోల్ ట్యాంకు నింపి పెట్టండి. పైన ఖాళీ ఎక్కువుంటే ఆ గాల్లోని తేమ చల్లబడి నీరవుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ ఆ నీటిని పీల్చుకుంటుంది, మరీ ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుగుకి విడిపోతాయి. ఫ్యూయల్ స్టెబిలైజర్ (పెట్రోల్ త్వరగా పాతబడకుండా కలిపే మందు) దొరికితే కొత్త పెట్రోల్లోనే కలిపి ఓ పదిహేను నిమిషాలు నడపండి, ఇంజెక్టర్ల దాకా చేరాలి. పాతబడ్డ పెట్రోల్లో పోస్తే లాభం లేదు.

ఇక ఎలుకలు. బ్యాటరీ పోతే కొత్తది కొనుక్కుంటాం, వైరింగ్ కొరికితే మాత్రం ఎక్కడ తెగిందో వెతకడానికే రోజులు పడుతుంది. ఒకసారి సెలవులో ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీసి చూస్తే లోపల బానెట్ కింది ఇన్సులేషన్ నుంచి పీకిన దూది, ఎండుటాకులు, చింపిన కాగితం ముక్కలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. పిల్లలు పెట్టే ఏర్పాటన్నమాట! గాలి లాగే గొట్టం మూతికి కట్టేంత సన్నటి ఇనుప జాలీ ముక్క అప్పటినుంచి నా లిస్టులో ఉంది. సైలెన్సర్ మూతికీ అదే. జాలీలు పెట్టిన సంగతి కాగితం మీద రాసి స్టీరింగుకి కట్టండి, లేకపోతే వచ్చిన రోజు అలాగే స్టార్ట్ చేసేస్తారు. ఏసీని లోపలి గాలే తిరిగే మోడ్‌లో పెట్టి ఆపితే బ్లోయర్ దారి మూసుకుంటుంది. సీట్ల కింద బిస్కెట్ పొడి కూడా మిగలకుండా వాక్యూమ్ చేయించండి. కలరా ఉండలు వెయ్యమంటారు, వాటి వాసన సీట్లకి పట్టి నెలల తరబడి వదలదు. నేను వెయ్యను.

ఆపే రోజు ఏసీ కంప్రెసర్ కట్టేసి, ఫ్యాన్ ఒక్కటే పది నిమిషాలు తిప్పండి. కాయిల్ ఆరకపోతే బూజు వాసన ఖాయం. కడిగాక కొంత దూరం నడిపితే బ్రేక్ డిస్కులు ఆరుతాయి, ఆ తర్వాతే కవర్ వెయ్యాలి. గాలి ఆడే గుడ్డ కవరే కావాలి. ప్లాస్టిక్ పట్టా తేమను లోపలే బంధిస్తుంది, దాని బదులు ఏమీ కప్పకపోవడమే నయం. వైపర్లు అద్దానికి అతుక్కోకుండా కింద గుడ్డ ముక్క పెట్టండి.

ఇన్సూరెన్స్ ఆపొద్దు. నిలబెట్టిన కారుకీ దొంగతనం, మంటలు, వరద ఉంటాయి. మీరు లేని నెలల్లో గడువు ముగుస్తుంటే వెళ్లే ముందే రెన్యూ చేయించండి.

తిరిగొచ్చిన రోజు తొందరపడొద్దు. ముందు కింద నేల మీద ఆయిల్ మరకలున్నాయేమో చూడండి, జాలీలు తియ్యండి, బానెట్ ఎత్తి వైర్లు, ఫిల్టర్ డబ్బా చూడండి, టైర్లలో గాలి సరిచెయ్యండి. బ్యాటరీ తగిలించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ తర్వాత. కిటికీల ఆటో బటన్ పనిచెయ్యకపోయినా, ఇంజన్ కాసేపు నిలకడ లేకుండా తిరిగినా కంగారుపడకండి, కిటికీలకి రీసెట్ పద్ధతి మాన్యువల్లో ఉంటుంది. మొదటి కొన్ని బ్రేకులకి గరగర శబ్దం వస్తుంది, డిస్కు మీద తుప్పు అరిగి అదే పోతుంది. స్టీరింగు వణికితే అది టైరు చదునైన చోటు. ఓ 20, 30 కిలోమీటర్లు నడిపితే టైర్లు వేడెక్కి సర్దుకుంటాయి. అప్పటికీ వణుకు తగ్గకపోతే ఆ టైరును మార్చెయ్యండి.