పెచ్చులూడేది వద్దు, వెలిసేది చాలు

"మామా, కొత్తింట్లో దిగినాం. వెనకాల చెక్క డెక్ ఉంది. దానికి ఏ వార్నిష్ కొట్టాల?" అని మా మేనల్లుడు అమెరికాలోని కొలంబస్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను కర్నూలు పాతబస్తీలో, మా పెదనాన్న ఇంటి గుమ్మం ముందు కూర్చుని ఉన్నాను. మే నెల ఎండ. తలుపు ఊడదీసి రెండు స్టూళ్ల మీద పరిచి, వడ్రంగి ఆచారి పాత వార్నిష్‌ను గీకుతున్నాడు. ఫోన్ స్పీకర్లో ఉండటంతో ఆయనా విన్నాడు.

"ఇంటి బయట చెక్క నేలా? ఎండకూ వానకూ? అక్కడ బండలు దొరకవా అప్పా?"

న్యాయమైన ప్రశ్నే. బేతంచెర్ల బండ, కడప బండ పరుచుకుని బతికే మనకు వాకిలి అంటే ఒక బకెట్ నీళ్లు చల్లి ఊడ్చేసేది. దానికి ఏటేటా సేవ చేయాలన్న ఆలోచనే రాదు. అమెరికాలో చలి ఎక్కువగా ఉండే చోట్ల నేల గడ్డకట్టి ఉబ్బుతుంది, బాగా పునాది వేయకపోతే పరిచిన రాళ్లు లేచిపోతాయి. పైగా ఇంటి గచ్చు నేల మీద నుంచి రెండు మూడు అడుగులు ఎత్తులో ఉంటుంది. అందుకే స్తంభాలు పాతి, వాటిపై చెక్క అరుగు కడతారు. అదే డెక్. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు దాన్ని అలమరా లాంటి సామాను అనుకుని, మెరిసే పూత కోసం దుకాణానికి పరిగెడతారు. 2006లో నేనూ అలాగే పరిగెత్తాను.

డబ్బా మీద బొమ్మలో డెక్ టేకు మంచంలా మెరుస్తోంది. రెండు కోట్లు దట్టంగా కొట్టాను. ఆ వేసవంతా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు. రెండో చలికాలం పోయేసరికి అదే డెక్ ఎండకు కమిలిన వీపులా పొరలు పొరలుగా లేచింది. కొంత ఊడింది, కొంత ఊడనంటుంది. గీకడానికి నాలుగు శనాదివారాలు పట్టింది. మా ఆవిడ మాత్రం ఆ గీకుడు కత్తిని ఇప్పటికీ గరాజ్‌లో మేకుకు తగిలించి ఉంచింది, నాకు గుర్తుండాలని.

తప్పు కంపెనీది కాదు, నా ఎంపికది. వార్నిష్, పెయింట్ లాంటివి చెక్కపై పొరగా కూర్చుంటాయి. చెక్క తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పొర దాంతో పాటు సాగలేక ఎక్కడో సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లులోంచి నీళ్లు లోపలికి పోతాయి కానీ బయటికి రాలేవు. గోడకైతే వాన జారిపోతుంది. డెక్ పడుకుని ఉంటుంది, నీళ్లు, మంచు దాని మీదే నిలుస్తాయి, పైన మన నడక. పొర రంగులేనిదైతే ఇంకో తంటా: ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని దాటి వెళ్లి, చెక్క నారలను పట్టి ఉంచే లిగ్నిన్‌ను తినేస్తాయి. పట్టు పోయాక పూత ఎంత ఖరీదైనదైనా ఊడాల్సిందే.

ఇదంతా చెబుతుంటే ఆచారి గీకడం ఆపి పెరటి వైపు వేలు చూపించాడు. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు ఈ ఇంట్లో రెండు తలుపులూ మునిగాయి. వీధి తలుపుకు ఏళ్ల తరబడి వేసిన వార్నిష్ కోట్లు. పెరటి తలుపుకు పండగ పండక్కీ పెద్దమ్మ గుడ్డతో రుద్దిన నూనె తప్ప ఏమీ లేదు. నీళ్లు దిగాక పెరటిది ఎండకు ఆరి తిరిగి చట్రంలో కూర్చుంది. వీధిది బొబ్బలెక్కి, పొర కింద నల్లబడింది. ఇప్పుడు ఆయన గీకుతున్నది దాన్నే.

"చెక్కకు నూనె తాపాల గానీ, చొక్కా తొడగగూడదు సార్" అన్నాడు.

ఆచారి ఎప్పుడూ డెక్ చూడలేదు. అయినా విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో 1910 నుంచి చెక్కపై పరిశోధన చేస్తున్న అమెరికా ప్రభుత్వ ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ వాళ్లు డెక్‌ల గురించి చెప్పేదీ ఇంచుమించు ఇదే: పొర కట్టేది కాదు, లోపలికి ఇంకేది వాడండి.

దుకాణంలో డబ్బాలు చూసి కంగారు పడకండి, ఉన్నవి ముఖ్యంగా మూడే రకాలు. రంగులేని క్లియర్ సీలర్ నీటిని ఆపుతుంది కానీ ఎండను ఆపలేదు, ఏడాదికే మళ్లీ వేయాలి. స్టెయిన్ అంటే చెక్కకు వేసే రంగు పూత. సాలిడ్ స్టెయిన్ దాదాపు పెయింటే. కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ పోయేటప్పుడు పెచ్చులుగా పోతుంది. మధ్యలో చెక్క గీతలు కనపడనిచ్చే సెమీ ట్రాన్స్‌పరెంట్ స్టెయిన్ ఉంది. అందులో ఉండే కొద్దిపాటి రంగు రేణువులే ఎండకు గొడుగు. రెండు మూడేళ్లు వస్తుంది. నేనైతే కళ్లు మూసుకుని నూనె ఆధారిత సెమీ ట్రాన్స్‌పరెంటే తెస్తాను. ఎందుకంటే అది పాడైతే వెలుస్తుంది, ఊడదు. వెలిసినదాన్ని కడిగి పైన మళ్లీ పూయవచ్చు, ఊడినదాన్ని గీకాలి. డబ్బా కొనేటప్పుడు మొదటి రోజు ఎలా మెరుస్తుందని కాదు, మూడో ఏట ఎలా చస్తుందని అడగండి. కొన్ని రాష్ట్రాల్లో నూనె రకాల మీద ఆంక్షలున్నాయి, అక్కడ నీటి ఆధారితంలోనే ఇంకే రకం చూసుకోవాలి. రంగు ఎంచుకునే ముందు మీ కాలనీ ఇంటి యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) వాళ్లను ఒక మాట అడగండి, తర్వాత ఉత్తరాలతో టెన్షన్ ఎందుకు. చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన కాంపోజిట్ డెక్ అయితే ఈ గోలే లేదు, సబ్బు నీళ్లు చాలు. ఎండలో అరికాళ్లు మాత్రం చుర్రుమంటాయి.

మావాడి డెక్, బిల్డర్ నెల క్రితం వేసిన ట్రీటెడ్ పైన్ చెక్క. లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది, అది రాగి మందు రంగు. పుచ్చకుండా, చెదలు పట్టకుండా ఆ మందును ఒత్తిడితో చెక్కలోకి ఎక్కిస్తారు. అందుకే కొత్త పలకలు తడిగానే వస్తాయి. ఆ తడి మీద పూస్తే స్టెయిన్ ఇంకదు. ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లు అక్కర్లేదు, నాలుగైదు చోట్ల నీటి చుక్కలు వేయండి. కొద్ది నిమిషాల్లో పీల్చుకుంటే సిద్ధం. ముత్యంలా నిలిచి ఉంటే ఆగాలి. కొన్ని వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి నెలలు. "ఏడాది వదిలేయండి" అనే సలహా కూడా వింటారు, అది నమ్మకండి. ఆరిన చెక్కను ఊరికే ఎండలో పడేస్తే పైపొర అప్పుడే దెబ్బతినడం మొదలవుతుంది.

పాత ఇల్లు కొన్నవాళ్లకు ఒక హెచ్చరిక. 2003 చివరి వరకు ఇళ్ల డెక్‌లకు వాడిన ట్రీటెడ్ చెక్కలో ఎక్కువగా ఆర్సెనిక్ కలిసిన మందు ఉండేది. అలాంటిదాన్ని మిషన్‌తో రుద్దకండి, ఆ పొడి పీల్చకూడదు. పాత పలకలు తీసేసినా చలిమంటకు వాడకండి. భోగి మంటలో అసలే వేయకండి. సంక్రాంతికి పెరట్లో మంట వేసుకునే మనవాళ్లకే ఈ మాట. ఇంకొకటి, పూత గొడవకు ముందు డెక్ కిందికి దూరి ఇంటి గోడకు ఆనిన దూలం చూడండి. అది బోల్టులతో కాక ఒట్టి మేకులతో ఉంటే ముందు ఆ పని చేయించండి.

ఇక కడగడం. ప్రెషర్ వాషర్ అద్దెకు తెచ్చి తుపాకీలా పట్టుకుంటే చెక్క నారలు లేచి పీచవుతుంది. ఒకసారి నేను పిలిపించిన పనివాడు నా డెక్ మీద విభూది రేఖల్లా గాడులు గీసి పోయాడు. వాడాల్సి వస్తే తక్కువ ఒత్తిడి, వెడల్పు ముక్కు, అడుగు దూరం. అసలు పని చేసేది ఆక్సిజన్ బ్లీచ్. పొడిని నీళ్లలో కలిపి పోసి, పది పదిహేను నిమిషాలు ఉంచి, గట్టి బ్రష్‌తో రుద్ది కడిగేస్తే బూజు, నలుపు పోతాయి. బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్ చెక్క నారనే తింటుంది, దాని జోలికి పోకండి. మేకుల చుట్టూ నల్లమరకలు ఉంటే ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న బ్రైట్‌నర్ వాడండి, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పవు. రుద్దాల్సి వస్తే 60 లేక 80 నంబరు ఉప్పు కాగితం చాలు. తలుపులా నున్నగా చేశారంటే స్టెయిన్ లోపలికి పోదు.

పూసే రోజు 50 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి, ఎండ నేరుగా పడకూడదు, తర్వాత ఒకటి రెండు రోజులు వాన ఉండకూడదు. 12 అడుగులకు 16 అడుగుల డెక్ అంటే 192 చదరపు అడుగులు. గాలన్ దాదాపు 150 నుంచి 300 చదరపు అడుగులకు వస్తుంది. రెండు మూడు పలకలు ఈ కొస నుంచి ఆ కొస దాకా పూర్తి చేసి పక్కవాటికి వెళ్లండి, లేకపోతే మధ్యలో అతుకుల గీతలు పడతాయి. పావుగంటలో ఇంకనిదాన్ని గుడ్డతో తుడిచేయాలి. మనవాళ్లకు ఇదే కష్టం. డబ్బులిచ్చి కొన్నది తుడవడమా అని ఇంకో కోటు వేస్తారు. అది ఆరక, జిగురుగా మిగిలి, చెప్పులకు అంటుకుంటుంది. కోసిన కొసలు ఎక్కువ నీళ్లు తాగుతాయి, వాటికి మాత్రం ధారాళంగా పూయండి.

ఆ తుడిచిన గుడ్డల సంగతి మాత్రం మరిచిపోకండి. అవిసె నూనె లాంటి ఆరే నూనెలు గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలు ఉండలా చుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, నిప్పు లేకుండానే అంటుకుంటాయి. నిజంగా ఇళ్లు తగలబడ్డాయి. ఒక్కో గుడ్డను బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లు పోసి ముంచండి. గరాజ్‌లో చెత్తబుట్టలో మాత్రం వేయకండి.

తర్వాత పెద్ద పనేమీ లేదు. ఏడాదికోసారి వసంతంలో కడిగి, చుక్క వేసి చూడటమే. పలకల సందుల్లో ఆకులు తీసేయండి, తడి అక్కడే దాక్కుంటుంది. గోంగూర, కరివేపాకు కుండీల కింద చిన్న కాళ్లు పెట్టండి, లేకపోతే గుండ్రటి మరకలు శాశ్వతం. మంచు తీయడానికి ప్లాస్టిక్ పార వాడండి. వడియాలు పెడితే మంచం మీదో బల్ల మీదో పెట్టండి, డెక్ పలకల మీద గుడ్డ పరిచి పెట్టేరు సుమా. మా అత్తగారు వచ్చిన ఏడాది ఆ గొడవా అయింది.

ఇదంతా విని మావాడు, "సరే మామా, ఈ శనివారమే పూసేస్తా, వాన లేదంట" అన్నాడు. ముందు చుక్క వేసి ఫొటో పంపమన్నాను. పది నిమిషాలకు వచ్చింది. పచ్చటి పలక మీద చుక్క చెక్కు చెదరకుండా గుండ్రంగా కూర్చుని ఉంది. కళ్లద్దాలు పైకి తోసి ఆచారి కూడా ఫోన్‌లోకి తొంగి చూశాడు.

"ఇంకా పచ్చి కట్టెప్పా ఇది" అన్నాడు. మూడు వారాలాగి మళ్లీ చుక్క వేయమని మావాడికి మెసేజ్ పెట్టాను.