ఆ మందుల చీటీలు దాచిపెట్టండి

ప్రశ్న: 2013 వేసవి సెలవుల్లో ప్రొద్దుటూరులో అమ్మమ్మ వాళ్లింట్లో మా మేనమామ పలుమార్లు నా ఒంటి మీద చేతులు వేసి అసభ్యంగా ప్రవర్తించాడు. అప్పుడు నాకు 12 ఏళ్లు. ఇప్పుడు కర్నూలులో ఉద్యోగం. రాత్రిపూట తలుపు గడియ చప్పుడైతే చాలు, గుండె దడ, చెమటలు. రెండేళ్లుగా సైకియాట్రిస్టు రాసిన మందులు వాడుతున్నాను. ఇన్నేళ్ల తర్వాత కేసు పెట్టొచ్చా? మందుల సంగతి తెలిస్తే పిచ్చిదని కొట్టిపారేస్తారా?

జవాబు: పెట్టొచ్చమ్మా. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది, మీకు జరిగింది ఆ తర్వాత. బంధువే ఇలా చేస్తే 5 నుంచి 7 ఏళ్ల జైలు. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరానికి కాలపరిమితి లేదు. ప్రొద్దుటూరు పోనక్కర్లేదు, కర్నూలు పోలీసు స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు) కట్టించొచ్చు. ఇంట్లోవాళ్ల అనుమతి అవసరం లేదు. ఎవరైనా మీ పేరు బయటపెడితే అది నేరం.

మీ రెండో ప్రశ్న చదివి చాలా బాధ కలిగింది. చిన్నప్పుడు అంత భయపడిన మనసు, ఆ మనిషి దూరమైనా గడియ చప్పుడుకు ఉలిక్కిపడుతుంది. డిప్రెషన్, నిద్ర పట్టకపోవడం, పీటీఎస్‌డీ (పెద్ద భయానక అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక సమస్య) లాంటివి ఏళ్ల తర్వాత కూడా వెంటాడతాయి. మీకున్నది ఏమిటో మీ డాక్టరే చెప్పాలి. మందులు వాడుతున్నా, సాక్షిగా మీ మాట వినడానికి చట్టం చూసేది ఒక్కటే: అడిగింది అర్థమై, జవాబు చెప్పగలరా? చెప్పగలిగితే మీరు సాక్షే. పైగా "ఇన్నాళ్లు ఎందుకు నోరు మెదపలేదు?" అని ఎదుటి లాయరు మొదట అడుగుతాడు. దానికి మీ తరఫున జవాబిచ్చేవి ఆ మందుల చీటీలు, మీ చికిత్స వివరాలుండే కేస్ షీట్లే. చీటీలు చింపేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ రికార్డులు అడిగి తీసుకునే హక్కు మీకుంది.

దాచకుండా ఒక మాట చెబుతాను. ఇన్నేళ్లకు వైద్య పరీక్షలో దొరికేదేమీ ఉండదు కాబట్టి భారమంతా మీ మాట మీదే. తేదీ గుర్తులేకపోతే గుర్తులేదనే చెప్పండి, ఊహించి చెప్పిన చోటే కేసు దెబ్బతింటుంది. అప్పట్లో మీరు ఎవరికైనా, కనీసం ఒక స్నేహితురాలికైనా చెప్పుకుని ఉంటే ఆమె సాక్ష్యం చాలా విలువైనది. కోర్టులో ఎదుటి లాయరు వేసే ప్రశ్నలు (క్రాస్ ఎగ్జామినేషన్) పాత గాయాన్ని రేపుతాయి. ఫిర్యాదుకు ముందే డాక్టరుతో మాట్లాడండి, మాత్రలు మాత్రం ఆపకండి.

ఫీజు గురించి టెన్షన్ వద్దు. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచితంగా లాయరును ఇస్తారు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి లేదా 15100కు ఫోన్ చేయండి. రాత్రి మరీ భరించలేనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.