ఆకలి ‘నాకు’ వేసిన కాలపు ఇంగ్లీషు

ప్రశ్న: మా మనవరాలు ఇక్కడే మూడో తరగతి చదువుతోంది. ‘నాకు ఆకలేస్తోంది’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమని ఇంట్లో నేనే చెబితే, ‘టు మీ హంగర్ ఈజ్ కమింగ్’ అని రాసుకుంది. ఆ నోటుపుస్తకం బడికి వెళ్లి, ఎర్ర సిరా గీతతో, పక్కన ‘ఐ యామ్ హంగ్రీ’ అన్న దిద్దుబాటుతో తిరిగివచ్చింది. ఇంగ్లీషువారికి ఆకలి ‘వేయడం’ అనేది ఎన్నడూ లేదా? పాత నాటకాల్లో కనబడే ‘మీథింక్స్’ అన్న మాటలో ‘ఐ’కి బదులు ‘మీ’ ఎందుకుంది?
– ఒక పాఠకురాలు, మైలాపూరు

జవాబు: మీ మనవరాలు పుట్టవలసిన కాలానికి వెయ్యేళ్లు ఆలస్యంగా పుట్టింది, అంతే. పాత ఇంగ్లీషులో, అంటే సుమారు 1100వ సంవత్సరానికి ముందు ఇంగ్లండులో మాట్లాడిన భాషలో, ఆకలి వేసినవాడు ‘మే హ్యుంగ్రెథ్’ అనేవాడు. ‘మే’ అంటే ‘నాకు’, ‘హ్యుంగ్రెథ్’ అంటే ‘ఆకలేస్తోంది’. దాహమైనా అంతే, కల వచ్చినా అంతే. మన తెలుగులో ‘నాకు ఆకలేస్తోంది’, మీ పక్కింటి తమిళంలో ‘ఎనక్కు పసిక్కుదు’ అన్నట్లుగానే, అనుభవించే మనిషి ఆ వాక్యాలలో కర్తగా కాక, ఆ అనుభవం ఎవరికి కలిగిందో వారుగా నిలబడేవాడు.

‘మీథింక్స్’ ఆ పద్ధతికి మిగిలిన ఆనవాలు. దాన్ని ‘నేను ఆలోచిస్తున్నాను’ అని అనువదించడం పొరపాటు. పాత ఇంగ్లీషులో ఒకదాన్నొకటి పోలిన రెండు క్రియలుండేవి. ‘థెంచన్’ అంటే ఆలోచించు. ‘థ్యుంచన్’ అంటే తోచు, అనిపించు. కాలక్రమంలో ఉచ్చారణలు దగ్గరపడి రెండూ ‘థింక్’లో కలిసిపోయాయి గాని, ‘మీథింక్స్’లో ఉన్నది రెండోదే. కనుక దానికి సరైన తెలుగు ‘నాకు తోస్తోంది’ లేదా ‘నాకనిపిస్తోంది’. షేక్‌స్పియర్ పాత్రల నోట ఈ మాట వచ్చినప్పుడల్లా మన పిల్లలకు వ్యాకరణం తప్పినట్లు కనిపిస్తుంది గాని, దాన్ని తెలుగు చెవితో వింటే వింతేమీ ఉండదు.

ఇంతకన్నా ఆసక్తికరమైనది, రోజుకు పదిసార్లు మన నోట వచ్చే ‘లైక్’ కథ. దీని పూర్వరూపమైన ‘లీకియన్’ అన్న క్రియకు అర్థం ఇష్టపడు అని కాదు, నచ్చు అని. ‘రాజుకు పళ్లు నచ్చాయి’ అన్న వాక్యంలో మనకు ‘పళ్లు’ కర్త. నచ్చాయన్న బహువచనం పళ్లను బట్టి వచ్చింది. పాత ఇంగ్లీషులోనూ అచ్చంగా ఇదే ఏర్పాటు: ‘రాజు’ అనడానికి ‘క్యునింగ్’, ‘రాజుకు’ అనడానికి ‘క్యునింగె’ అని విభక్తి ప్రత్యయం చేర్చేవారు, క్రియ మాత్రం పళ్లతో పొసిగేది. తరువాతి శతాబ్దాలలో నామవాచకాల చివరి అచ్చులు ఒక్కొక్కటిగా అరిగి రాలిపోయాయి. ‘రాజు’, ‘రాజుకు’ అన్న తేడా చెవికి ఆనకుండా పోయింది. అదే కాలంలో వాక్యానికి ముందుండేది కర్త అన్న అలవాటు గట్టిపడటంతో, ముందున్న రాజుగారే కర్త అయి కూర్చున్నారు, పాపం పళ్లు కర్మ అయిపోయాయి, ‘నచ్చు’ అన్న క్రియ ఉన్నచోటనే ఉండి ‘ఇష్టపడు’ అన్న అర్థంలోకి తిరిగిపోయింది. మనకు ‘కు’ ప్రత్యయం చెక్కుచెదరకుండా ఉన్నందువల్ల అటువంటి గల్లంతు జరగలేదు. అయినా ప్రకటనల అనువాదాలలో ఈమధ్య ‘నేను దీన్ని ఇష్టపడుతున్నాను’ అన్న వాక్యాలు తరచు కనిపిస్తున్నాయి. ‘నాకిది నచ్చింది’ అనడానికి ఏమడ్డమొచ్చిందో నాకు బోధపడదు.

ఈ కుటుంబానికే చెందిన మరొక క్రియ ‘లిస్ట్’. పేర్ల జాబితాకూ దీనికీ సంబంధం లేదు. మనసవడం, ఇష్టం కలగడం దీని అర్థం. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, యోహాను సువార్త మూడో అధ్యాయంలో, గాలి ‘వేర్ ఇట్ లిస్టెథ్’ వీస్తుందని ఉంది. తెలుగు బైబిలు చదివేవారు అక్కడ ‘తనకిష్టమైన చోట’ అన్న మాట చూసే ఉంటారు. క్రియ ఏనాడో వాడుక తప్పింది గాని, ఏ పని మీదా మనసు లేని స్థితిని చెప్పే ‘లిస్ట్‌లెస్’లో దాని ఛాయ ఇంకా ఉంది.

మీ మనవరాలికి మరొక ముచ్చట కూడా చెప్పండి. ఆకలితో మాడటానికి వాడే ‘స్టార్వ్’ ఒకప్పుడు ఏ కారణంగానైనా సరే చచ్చిపోవడమే. జర్మన్ భాషలో దాని తోబుట్టువైన ‘స్టెర్బెన్’కు నేటికీ అదే అర్థం. చావును చెప్పడానికి ‘డై’ స్థిరపడ్డాక, ఇది మొదట ఆకలిచావుకు, ఆ తరువాత వట్టి ఆకలికి పరిమితమైంది. బడి నుంచి వస్తూనే సంచి విసిరేసి ‘ఆకలితో చచ్చిపోతున్నానే అమ్మమ్మా’ అనే పిల్లకు ఈ మార్పును విడమరచి చెప్పనక్కరలేదు.

ప్రశ్న: ‘గో’ అన్న క్రియకు భూతకాలం ‘వెంట్’ ఎలా అయింది? ఒక్క అక్షరమైనా కలవడం లేదు.
– ఒక విద్యార్థి, విల్లివాక్కం

జవాబు: అవి రెండు వేర్వేరు క్రియలు కనుక కలవదు. తిరుగు, మళ్లు అన్న అర్థంగల ‘వెండన్’ అనే క్రియ భూతకాల రూపం ‘వెంట్’. ‘సెండ్’కు ‘సెంట్’, ‘స్పెండ్’కు ‘స్పెంట్’ ఉన్నట్లే ‘వెండ్’కు ‘వెంట్’. పాత ఇంగ్లీషులో ‘గో’కు ‘ఎయోడె’ అనే మరో భూతకాల రూపం ఉండేది. అది నశించి ‘వెంట్’ దాని గద్దెనెక్కింది. ఇలాంటి అతుకులు మనకూ ఉన్నాయి: ‘ఉన్నాడు’కు వ్యతిరేకం ‘లేడు’ కావడంలో మాత్రం ఏ అక్షరం కలిసింది? ఇక పోవు, వెళ్లు అన్నవాటి సంగతి చూడండి. ‘పోయాడు’ అంటే చనిపోయాడన్న స్ఫురణ వస్తుందని కోస్తావారు ‘వెళ్లాడు’ను ముందుకు తెచ్చారు. ఇక్కడి తెలుగువారిలో చాలామంది ఇళ్లలో ఇంకా నిశ్చింతగా ‘పోయొస్తా’ననే అంటారు.

ప్రశ్న: ఇంగ్లీషు ‘బేర్’కూ తెలుగు ‘భరించు’కూ పోలిక ఉంది కదా. అయితే తెలుగు, ఇంగ్లీషు చుట్టాలా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: పోలిక నిజమే, చుట్టరికం మాత్రం సంస్కృతం ద్వారా ఎరువు తెచ్చుకున్నది. పాత ఇంగ్లీషు ‘బెరన్’కు మోయడం, కనడం అని రెండర్థాలు, పుట్టడాన్ని చెప్పే ‘బోర్న్’ దీని రూపమే. సంస్కృతంలోని ‘భృ’ ధాతువు దీనికి సాటి. భారం, భర్త, భార్య, అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చి తెలుగులో స్థిరపడినవే.

ఇంతకన్నా లోతైన పోలిక ‘ఐ వాట్’ అన్న పాత పలుకులో ఉంది. ‘నాకు తెలుసు’ అని దాని అర్థం. ఆ క్రియ రూపాన్ని బట్టి చూస్తే జరిగిపోయిన పనిని తెలుపుతుంది, అర్థాన్ని బట్టి మాత్రం వర్తమానం. చూశాను కనుక తెలుసునన్నది అందులోని తర్కం. సంస్కృతంలో ‘అహం వేద’ అన్నప్పుడు ‘వేద’ కూడా సరిగ్గా ఇటువంటి రూపమే. పాణిని ఈ విచిత్రాన్ని గమనించి ‘విదో లటో వా’ అని దానికొక సూత్రమే పెట్టాడు. ఇంగ్లీషులో ‘కెన్’, ‘షల్’ ఈ తెగవే, అందుకే వాటికి ప్రథమపురుషలో ‘ఎస్’ చేరదు. ‘షల్’కు తొలి అర్థం బాకీపడటం, ‘ఆట్’ కూడా నిజానికి ‘ఓ’ అనే క్రియకు పాత భూతకాల రూపం, అంటే బాకీ ఉండటమే.

తెలుగు సొంత క్రియల దగ్గరికి వస్తే ఈ పోలికలన్నీ ఆగిపోతాయి. ‘మోయు’కు ఇంగ్లీషులో బంధువులు లేరు. ‘చేయు’కు తమిళంలో ‘చెయ్’ ఉంది, కన్నడంలో ‘గెయ్’ ఉంది. ఈ తేడాను మొదట ధాతువుల పట్టికలతో సహా అచ్చులో చూపినవాడు ఈ ఊళ్లోనే కలెక్టరుగా పనిచేసిన ఎల్లిస్. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా రాసిన వ్యాసంలో, తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన నిలిపి, ఇవి సంస్కృతం నుంచి పుట్టినవి కావని ఆయన నిరూపించాడు.