బిగింపు వేరు, పట్టు వేరు

సైకిల్ సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: నమస్కారమండీ. నాలుగు నెలల క్రితం ఎవరో వాడిన సైకిల్ కొనుక్కున్నాను. రోజూ పనికి దాని మీదే వెళ్లి వస్తాను. పొద్దున సీటు సరైన ఎత్తులో పెట్టి బయలుదేరితే సాయంత్రానికి బొటనవేలు వెడల్పు మేర కిందికి దిగి ఉంటుంది. దిగినప్పుడల్లా బోల్టు ఇంకాస్త బిగిస్తూనే ఉన్నాను. ఇప్పుడు బోల్టు తలలోని గుంట అరిగిపోయి అలెన్ కీ గిర్రున తిరుగుతోంది. మోకాళ్ల ముందు భాగంలో నొప్పి కూడా మొదలైంది. నా బరువు 82 కిలోలు. అదే కారణమని ఇంట్లో వాళ్లు తేల్చేశారు. నిజమేనా? సీటు పోస్టు మార్చాలా, సైకిలే మార్చాలా?

జవాబు: ముందు మీ బరువు మీద వేసిన నింద కొట్టేద్దాం. 82 కిలోల మనిషి కింద దిగిపోయే సీటు 60 కిలోల మనిషి కిందా దిగుతుంది, కాకపోతే రెండు రోజులు ఆలస్యంగా. పోస్టు, అంటే సీటును మోస్తూ ఫ్రేము గొట్టంలోకి దిగే కడ్డీ, సరిగ్గా కుదిరిన సైకిల్ మీ కన్నా బరువైన వాళ్లను గుంతల రోడ్డు మీద మోసినా వెంట్రుకవాసి కదలదు.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ‘బిగిస్తూనే ఉన్నాను’ అన్న మాట. ఎందుకంటే నేనూ ఆ తప్పు చేసినవాడినే. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఇలాగే దిగిపోతున్న సీటు ఒకటి నా చేతికొచ్చింది. బిగించాను, దిగింది. మళ్లీ బిగించాను, మళ్లీ దిగింది. పౌరుషం వచ్చి పానా పిడికి రెండడుగుల ఇనుప గొట్టం తొడిగి, ఒంట్లో బలమంతా పెట్టి తిప్పాను. ‘టక్’మంది. బిగిసిందిరా అనుకుని మురిసిపోయాను. కిందికి చూస్తే క్లాంపు (ఫ్రేము గొట్టం మూతిని చుట్టి బిగించే పట్టీ) చెవి, అంటే బోల్టు దూరే కొన, ఒకటి విరిగి నా చెప్పు పక్కన పడి ఉంది. తర్వాత పోస్టు బయటికి లాగి చూశాను, అది మొదట చేయవలసిన పని. దాని మీద 26.8 అని చెక్కి ఉంది. ఆ ఫ్రేముకు కావలసింది 27.2. ఎంత బిగించినా పట్టు దొరకకపోవడానికి కారణం ఆ 0.4 మిల్లీమీటర్లు. మామూలు తెల్ల కాగితాలు నాలుగు పేర్చితే వచ్చే మందం అంతే.

పోస్టును ఆపేది బోల్టు కాదండీ, రాపిడి. బోల్టు క్లాంపు రెండు చెవులను దగ్గరకు లాగుతుంది. దానితో ఫ్రేము గొట్టం మూతి దగ్గరున్న చీలిక సన్నబడి, గొట్టం లోపలి గోడ పోస్టును చుట్టూ అదుముతుంది. చుట్టూ అన్నది ముఖ్యం. పోస్టు సన్నగా ఉంటే గొట్టం రెండు మూడు చోట్ల మాత్రమే తగిలి, మిగతా చోట్ల ఖాళీగా ఉంటుంది. అప్పుడు మీరు ఎంత తిప్పినా ఆ బలం బోల్టు మరలను తినడానికీ, గుంటను అరగదీయడానికీ పనికొస్తుంది తప్ప పోస్టును పట్టుకోవడానికి కాదు.

కాబట్టి కొన్నాళ్లు బిగించడం ఆపండి. మొదట తెలియవలసింది, దిగుతున్నది నిజంగా పోస్టేనా అన్నది. క్లాంపుకు ఆనించి పోస్టు చుట్టూ ఒక చుట్టు టేపు వేయండి. పోస్టు మీద నుంచి ఫ్రేము మీదకు నిలువుగా ఒక గీత గీయండి. ఒకరోజు తొక్కి చూడండి. టేపు క్లాంపు దగ్గర ముడతపడితే పోస్టు దిగుతోంది. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే పోస్టు తిరుగుతోంది. రెండూ చెక్కుచెదరక పోయినా సీటు తీరు మారిందంటే, వదులైంది పైన సీటును పట్టుకునే బిగింపు. అది వేరే కథ, కింద ఇంకొకరికి చెప్పాను.

ఇప్పుడు క్లాంపు వెనక్కి వెళ్లి కూర్చుని చీలికను చూడండి. బిగించి ఉండగా రెండు చెవులు ఒకదానికొకటి తగులుతున్నాయా? తగులుతుంటే ఇక బిగించడానికి ఏమీ మిగలలేదు. మీ అరిగిన గుంట సంగతి విన్నాక, మీ సైకిల్‌లో అవి తగులుతూనే ఉంటాయని నా అనుమానం.

తర్వాత బోల్టు విప్పి పోస్టు పూర్తిగా బయటికి తీయాలి. గుంట అరిగింది కదా, అలెన్ కీ బదులు నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్ ఒకటి, గుంటకన్నా కొంచెం పెద్దది, సుత్తితో మెల్లగా కొట్టి దిగ్గొట్టి తిప్పండి, వస్తుంది. ఆ బోల్టును మళ్లీ వాడకండి. అదే లావు, అదే పొడవున్న కొత్తది వేయండి.

పోస్టు కింది భాగంలో సాధారణంగా కొలత చెక్కి ఉంటుంది. 25.4, 26.8, 27.2, 30.9, 31.6 వంటి అంకెలు కనిపిస్తాయి. 27.2 ఎక్కువ సైకిళ్లలో వచ్చే కొలత. 30.9, 31.6 పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు, అయినా ఒకటి ఇంకొకదాని చోట పనిచేయదు. అంకె చెరిగిపోయి ఉంటే వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. ఫ్రేము గొట్టం లోపల కొలిచేటప్పుడు మాత్రం క్లాంపు తీసేసి, ముందు వెనకగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. ఇన్నాళ్లు మీరు నొక్కి నొక్కి బిగించారు కాబట్టి మూతి వంకరపోయి ఉండవచ్చు.

కాలిపర్ దొరక్కపోతే చేతి పరీక్ష ఉంది. సరైన పోస్టును క్లాంపు లేకుండా గొట్టంలోకి నెడితే, నెట్టినంత మేర మెల్లగా దిగుతుంది. వదిలేస్తే జర్రున జారిపోతే అది సన్నం. దించిన తర్వాత సీటు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. లోపల టకటకమని కొట్టుకుంటే ఆ పోస్టు ఆ ఫ్రేముది కాదు. చేతులు మారిన సైకిళ్లలో ఇది మామూలే. ఎవరో ఎప్పుడో పాతది పోగొట్టుకుని, దొరికినది తొడిగి ఉంటారు.

కొలత సరిపోయిందా? అయితే మురికిని అనుమానించండి. పోస్టు మీదా గొట్టం లోపలా పాత నూనె, దుమ్ము కలిసి నల్లటి జిగురులా పేరుకుని ఉంటుంది. గుడ్డను కర్రకు చుట్టి గొట్టంలో తిప్పి చూడండి, ఎంత వస్తుందో మీకే తెలుస్తుంది. కిరోసిన్‌తో కడిగితే మురికి పోతుంది కానీ సన్నటి జిడ్డు పొర మిగులుతుంది. అందుకే చివర స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. గొట్టం మూతి లోపల చీలిక అంచున గరుకు ముక్కు ఏదైనా పొడుచుకొచ్చి ఉంటే సన్నని ఆకురాయితో తీసేయండి.

ఇక గ్రీజు. దీని మీద ఎన్ని తగువులు చూశానో! ఇనుము, అల్యూమినియం పోస్టులకు పలచటి గ్రీజు పొర వేయడం మంచి అలవాటే, తుప్పు పట్టి ఇరుక్కుపోకుండా ఉంటుంది. సరిగ్గా కుదిరిన పోస్టు గ్రీజుతో కూడా జారదు. జారే రోగమున్న పోస్టుకు మాత్రం గ్రీజు బదులు కార్బన్ పేస్టు వాడండి. పేరు కార్బన్‌ది అయినా లోహానికీ పనికొస్తుంది. వేళ్ల మధ్య రుద్దితే సన్న ఇసుకలా తగులుతుంది. ఆ పలుకులే రెండు గోడల మధ్య ఇరుక్కుని పట్టు పెంచుతాయి. మీ పోస్టో ఫ్రేమో కార్బన్ ఫైబర్‌దైతే గ్రీజు దగ్గరికి కూడా రానివ్వకండి.

అయితే బోల్టు మరలకూ, బోల్టు తల కింద ఆనే చోటుకూ గ్రీజు తప్పనిసరి. పోస్టుకు మానేసినా బోల్టుకు మానకూడదు. జనం దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తారు. పొడి మరలు కిర్రుమంటూ తిరుగుతుంటే ‘అబ్బ, ఎంత బిగిసిందో’ అనిపిస్తుంది. మీ చేతి బలంలో ఎక్కువ భాగం మరల రాపిడికే ఖర్చయిపోతుంది, చెవులను లాగడానికి మిగిలేది కొంచెమే.

ఎంత బిగించాలి? చాలా క్లాంపుల మీద రాసే ఉంటుంది, ఎక్కువగా 5 న్యూటన్ మీటర్ల దగ్గర. టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా) లేకపోతే ఇలా ఊహించుకోండి: 10 సెంటీమీటర్ల పొడవున్న కీ చివర 5 కిలోల సంచి వేలాడదీస్తే పడే బలం అది. పళ్లు కొరికి తిప్పేంత బలం కాదు. అంత బిగించి, మీ బరువంతా సీటు మీద మోపి రెండు మూడు సార్లు కుదిపి చూడండి. దిగకపోతే పని అయినట్టే. దిగితే మళ్లీ కొలత దగ్గరికి వెళ్లాలి, పానా దగ్గరికి కాదు.

క్లాంపు కొలత కూడా చూడండి. అది గొట్టం బయటి వ్యాసానికి సరిపోవాలి: 28.6, 31.8, 34.9 మిల్లీమీటర్లు సాధారణంగా కనిపించేవి. క్లాంపు పై అంచు గొట్టం మూతి మీద ఆనుకుని కూర్చోవాలి, కిందికి జారి ఉండకూడదు.

పోస్టు సన్నమని తేలితే సరైన కొలతది కొనండి, సైకిల్ మార్చనక్కర్లేదు. అది దొరికేలోగా కూల్‌డ్రింక్ డబ్బా రేకు సాయపడుతుంది. దాని మందం సుమారు 0.1 మిల్లీమీటరు, కాబట్టి ఒక చుట్టు వేస్తే వ్యాసం 0.2 పెరుగుతుంది. గొట్టంలో దిగే పోస్టు పొడవుకు సరిపడా కత్తిరించి, పై అంచు బయటికి మడిస్తే లోపలికి జారిపోదు. అంచులు బ్లేడులా కోస్తాయి, జాగ్రత్త. ఇది తాత్కాలికమే సుమా. నేను వారం రోజులకని వేసిన రేకు రెండేళ్లు నడిచింది, ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పను.

ఒక్క విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. దిగిపోతుందని ముందుగానే ఎక్కువ ఎత్తుకు లాగి పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. పోస్టు మీద, ఇంతకన్నా పైకి తీయరాదని ఒక అడ్డగీత ఉంటుంది. అది బయటికి కనిపించకూడదు. గీత లేని పాత పోస్టు అయితే కనీసం 8 నుంచి 10 సెంటీమీటర్లు లోపల ఉండాలి. తక్కువ లోతులో ఉన్న పోస్టు మీటలా పనిచేసి గొట్టం మూతిని చీల్చేస్తుంది. మీరు నాలుగు నెలలు ఇలా తొక్కారు కాబట్టి చీలిక అడుగున వెంట్రుకలాంటి పగులు ఉందేమో వెలుతురులో చూడండి. ఉంటే ఆ సైకిల్ ఎక్కకండి. మీ ప్రశ్నలో ‘సైకిలే మార్చాలా’ అన్నదానికి అవును అనే జవాబు అప్పుడు మాత్రమే.

మోకాళ్ల ముందు భాగం నొప్పికి సీటు తక్కువగా ఉండటం బాగా తెలిసిన కారణం. పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద ఆనించండి. కాలు నిటారుగా చాపుకోవాలి, నడుము పక్కకు ఒరగకూడదు. అది మీ ఎత్తు. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం ఆనుతుంది కాబట్టి మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అలాగే ఉండాలి. ఎత్తు నిలిచాక కూడా నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, నాకు రాయకండి.

ప్రశ్న: మా ఇంట్లో ఒకే సైకిల్ నేనూ మా అబ్బాయీ వాడతాం. చేత్తో తిప్పే లివర్ ఉంది కదా అని రోజూ సీటు ఎత్తు మారుస్తాం. ఈ మధ్య పట్టు నిలవడం లేదు. లివర్ గట్టిగానే తిప్పుతున్నాం.

జవాబు: ‘తిప్పుతున్నాం’ అన్నారు, తప్పు అక్కడే ఉందమ్మా. ఆ లివర్ నట్టులా తిప్పడానికి కాదు, తలుపు గడియలా మూయడానికి. దాని మొదట్లో గుండ్రంగా కాక ఒక పక్కకు ఉబ్బిన ముక్క ఉంటుంది. మూసినప్పుడు ఆ ఉబ్బే చెవులను నొక్కుతుంది. లివర్ తెరిచి ఉంచి అవతలి పక్క నట్టును సర్దండి. మూస్తుంటే, లివర్ సగం దారిలో సైకిల్‌కు అడ్డంగా నిలబడినప్పుడు ప్రతిఘటన మొదలవ్వాలి. పూర్తిగా మూశాక అరచేతిలో దాని అచ్చు కాసేపు కనిపించాలి. ఉబ్బు ముక్క కింద ఉండే ప్లాస్టిక్ వాషరు పగిలిందేమో చూడండి, రోజూ వాడే లివర్లలో మొదట పోయేది అదే. మీ ఎత్తుకు ఒక గీత, అబ్బాయి ఎత్తుకు ఇంకొకటి పోస్టు మీద గీసి పెట్టుకోండి.

ప్రశ్న: నాన్నగారి పాత ఉక్కు సైకిల్. పోస్టు దిగదు కానీ సీటు ముక్కు ఆకాశం వైపు లేస్తుంది.

జవాబు: పైన చెప్పిన వేరే కథ ఇదే. సీటు కింది క్లిప్పులో పళ్లున్న బిళ్లలు ఉంటాయి. విప్పి వేలితో తడమండి. పళ్లు నున్నగా తగిలితే క్లిప్పు మార్చడమే. పదునుగా ఉంటే మురికి బ్రష్‌తో తీసి, పళ్లలో పళ్లు కూర్చోబెట్టి, రెండు వైపుల నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళితే బిళ్లలు వంకరగా కూర్చుంటాయి.

ప్రశ్న: అందరి సీట్లూ దిగుతున్నాయంటారు. నాది ఆరేళ్లుగా కదలడం లేదు. ఇనుప ఫ్రేము, అల్యూమినియం పోస్టు.

జవాబు: ఆ రెండు లోహాల మధ్య తేమ చేరితే అల్యూమినియం తెల్లగా పొడిబారి ఉబ్బుతుంది, పోస్టు గొట్టానికి అతుక్కుపోతుంది. క్లాంపు తీసేసి, చీలికలోనూ పోస్టు చుట్టూనూ తుప్పు వదిలించే నూనె పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చొప్పున మూడు నాలుగు రోజులు వేయండి. పాత సీటు ఉంటే తగిలించి, దాన్ని పట్టుకుని ఎడమకూ కుడికీ మెలితిప్పండి. కిర్రుమని మొదటి చప్పుడు వచ్చాక తొందరపడి పైకి లాగకండి. ఇంకొంచెం నూనె పోసి, మెలితిప్పుతూనే తీయండి.