నాణేల మీద సీజర్ హత్య: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: జూలియస్ సీజర్‌ను చంపిన బ్రూటస్, ఆ హత్యను చాటుకుంటూ ఒక నాణెం ముద్రించాడని చదివాను. దానికి అంత ప్రాముఖ్యం ఎందుకు వచ్చింది? మామూలు సేకర్తలకు అది దొరికే అవకాశం ఉందా?

సమాధానం: క్రీ.పూ. 44 మార్చి 15న, రోమన్ సేనాని పాంపే కట్టించిన సభామందిరంలో సెనేట్ సమావేశమైన వేళ సీజర్‌ను 23 పోట్లు పొడిచి చంపారు. కుట్రకు ముందు నిలిచిన మార్కస్ బ్రూటస్, గాయస్ కాసియస్ కొద్ది నెలల్లోనే ఇటలీ విడిచి తూర్పు ప్రాంతాలకు చేరి సైన్యాలు కూడగట్టారు. సైన్యం నిలవాలంటే జీతాలు ముట్టాలి కాబట్టి, దండుతో పాటే కదిలే టంకశాలలో క్రీ.పూ. 43-42 నాటికి బ్రూటస్ పేరిట వెండి దెనారియస్‌లు, కొద్దిపాటి బంగారు ఆరియస్‌లు తయారయ్యాయి. మీరు చదివిన నాణెం వాటిలోనిదే.

దాని బొమ్మ వైపు బ్రూటస్ తల, చుట్టూ అతని పేరు, సేనానిగా అతని బిరుదు, ముద్రణ బాధ్యత చూసిన లూసియస్ ప్లేటోరియస్ సెస్టియానస్ పేరు ఉంటాయి. బొరుసు వైపు నడుమ ఒక గుండ్రటి టోపీ, దానికి అటూ ఇటూ మొనలు కిందికి తిరిగిన రెండు బాకులు, వాటి అడుగున మార్చి 15ను సూచించే ‘ఎయిడ్ మార్’ అన్న ఆరు రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. ఆ టోపీ బానిసత్వం నుంచి విముక్తి పొందిన రోమన్లు ధరించేది. బాకుల పిడులు రెండూ ఒకే తీరున ఉండవు. అందుకే ఒకటి బ్రూటస్‌ది, మరొకటి కాసియస్‌ది అని భావించే పండితులు ఉన్నారు. సుమారు రెండున్నర శతాబ్దాల తరువాత చరిత్రకారుడు కాసియస్ డియో ఈ నాణేన్ని వర్ణించి, బ్రూటస్, గాయస్ కాసియస్ తామిద్దరం దేశానికి స్వేచ్ఛ తెచ్చామని చెప్పుకోవడమే దాని ఉద్దేశమని రాశాడు. ఒక ప్రాచీన చరిత్రకారుడు ఫలానా నాణెం అని గుర్తుపట్టగలిగేలా వర్ణించడం చాలా అరుదు.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసేది మాత్రం బాకులు కాదు, బొమ్మ వైపు ఉన్న ఆ తల. బతికి ఉన్న మనిషి ముఖాన్ని రోమ్ నగర టంకశాల నాణేల మీద వేయడం సీజర్‌తో, అతని చివరి నెలల్లో మొదలైంది. అతడు రాజు కాబోతున్నాడన్న భయాన్ని పెంచిన వాటిలో అదీ ఒకటి. ఆ పోకడను సహించలేక కత్తి దూసిన బ్రూటస్, మూడేళ్లు తిరగకముందే తన ముఖాన్ని నాణెం మీద వేయించుకున్నాడు. రోమ్ గణతంత్రం ఇక వెనక్కి రాదనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం నాకు కనిపించదు.

ఇక దొరకడం సంగతి. వెండివి సుమారు వంద, బంగారువి మూడు మాత్రమే నేటికి తెలుసు. వెండివాటిలో కొన్ని మ్యూజియంలలో ఉన్నాయి. వేలానికి వచ్చే కొద్దిపాటి నాణేల ధరలు మామూలు సేకర్తలు అందుకోగలిగేవి కావు.

ప్రశ్న: ఆ నాణెం అందనప్పుడు, అదే కథను చెప్పే వేరే నాణేలతో సేకరణ మొదలుపెట్టవచ్చా?

సమాధానం: తప్పకుండా మొదలుపెట్టవచ్చు. నా అభిప్రాయంలో, ఒక్క నాణెం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం కంటే అదే మంచి మార్గం, ఎందుకంటే హత్యకు ముందూ వెనుకా జరిగిన వాదమంతా ఆనాటి నాణేల మీదే నడిచింది.

హత్యకు పదేళ్ల ముందు, క్రీ.పూ. 54 ప్రాంతంలో, యువకుడైన బ్రూటస్ రోమ్‌లో టంకశాల అధికారిగా ఉన్నాడు. అప్పుడు అతడు వేయించిన రెండు దెనారియస్‌లతో మొదలుపెట్టమని నా సలహా. ఒకదాని బొమ్మ వైపు స్వేచ్ఛాదేవత తల ఉంటుంది. బొరుసు వైపు, చివరి రాజును వెళ్లగొట్టి తొలి కాన్సుల్ (ఏడాదికి ఎన్నికయ్యే పాలకుడు) అయ్యాడని రోమన్లు నమ్మిన లూసియస్ బ్రూటస్ తన భటుల నడుమ నడుస్తూ ఉంటాడు. నలుగురు మనుషులు ఒకే దిక్కుకు అడుగు వేస్తున్న ఆ చిన్న దృశ్యం కింద ‘బ్రూటస్’ అన్న పేరు చెక్కి ఉంటుంది. రెండో నాణెం మీద ఒక వైపు ఆ పూర్వీకుడి తల, మరో వైపు రాజు కావాలని చూశాడన్న ఆరోపణ మీద స్పూరియస్ మేలియస్‌ను చంపిన సర్విలియస్ అహాలా తల ఉంటాయి. ఆనాడు ఈ నాణేల మీది హెచ్చరిక, అధికారం పెంచుకుంటున్న పాంపేను ఉద్దేశించినది కావచ్చునని పండితులు అంటారు. ఏదైనా, నియంతను చంపడం తన వంశధర్మమని బ్రూటస్ పదేళ్ల ముందే వెండి మీద రాసి పెట్టుకున్నాడు. వీటి ధర బాకుల నాణెం ధరలో చాలా చిన్న వంతు మాత్రమే.

సీజర్ పక్షాన సులువుగా దొరికేది ఏనుగు దెనారియస్. క్రీ.పూ. 49లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు దండు ఖర్చుల కోసం దీన్ని చాలా పెద్ద ఎత్తున ముద్రించారు. సర్పం వంటి దాన్ని తొక్కుతున్న ఏనుగు, కింద సీజర్ పేరు, మరో వైపు పూజా సామగ్రి ఉంటాయి. అరిగిన నాణేలు కొన్ని వందల పౌండ్లకు దొరుకుతాయి.

క్రీ.పూ. 44 జనవరి నుంచి మార్చి దాకా వెలువడిన సీజర్ ముఖచిత్రం నాణేల ధర వేలలోకి వెళుతుంది. మెట్టియస్, బూకా, సెపుల్లియస్ మాసర్ వంటి అధికారులు వీటిని వేయించారు. తల మీద దండ, ముడతలు పడిన పొడవాటి మెడ, ఎముకలు తేలిన చెంప, ఇలా పొగడ్త లేకుండా చెక్కిన ముసలి ముఖం అది. ‘శాశ్వత నియంత’ అన్న బిరుదు రాసినవి, అతడు చనిపోవడానికి కొద్ది వారాల ముందువి. హడావుడిగా కొట్టినందువల్ల చాలావాటిలో ముద్ర పక్కకు జరిగి, అక్షరాలు సగం బయటికి పోయి ఉంటాయి. ముఖం స్పష్టంగా ఉంటే అక్షరాల కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు. హత్య తరువాత అదే మాసర్ వేయించిన మరో దెనారియస్ మీద సీజర్ అనుచరుడు మార్క్ ఆంటోనీ తల మీద ముసుగుతో, సంతాప సూచకంగా పెంచిన గడ్డంతో కనిపిస్తాడు. వరుసను అక్కడే ఆపకూడదనుకుంటే, క్రీ.పూ. 44 జూలైలో కనిపించిన తోకచుక్కను సీజర్ ఆత్మగా చూపుతూ అతని వారసుడు, తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ క్రీ.పూ. 19-18 ప్రాంతంలో వేయించిన దెనారియస్ తీసుకోండి. క్రీ.శ. 68లో నీరో చక్రవర్తి మీద తిరుగుబాటు చేసినవారు టోపీనీ బాకులనూ మళ్లీ నాణెం మీదికి తెచ్చారు కానీ, అది కూడా అరుదైనదే.

ప్రశ్న: నకిలీలను గుర్తుపట్టడం ఎలా?

సమాధానం: బాకుల నాణెం పేరుతో తక్కువ ధరకు కనిపించేదాన్ని నకిలీగానే భావించండి. మిగతావాటి విషయంలో ముందు అంచును చూడండి. మూసలో పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, లేదా దాన్ని ఆకురాయితో రాసిన జాడ ఉంటుంది. భూతద్దం కింద ఉపరితలం మీద గాలిబుడగల గుంటలు కనిపిస్తాయి, అక్షరాల అంచులు మెత్తబడి ఉంటాయి. సుత్తితో కొట్టిన అసలు నాణెంలో లోహం బయటికి సాగి, అంచున చిన్న పగుళ్లు ఏర్పడటం సహజం. ఆ కాలపు దెనారియస్ బరువు సాధారణంగా 3.5 నుంచి 4 గ్రాముల మధ్య ఉంటుంది. అరుగుదల లేకుండా బాగా తేలికగా ఉంటే అనుమానించాలి. అయితే రాగి ముక్కకు వెండి తొడుగు వేసిన నాణేలను ప్రాచీన కాలంలోనే తయారు చేశారు. అవి నిజంగా పాతవే, కానీ అమ్మేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. కొత్త అచ్చులతో కొట్టిన మంచి నకిలీలను అనుభవజ్ఞులు కూడా కంటితో పట్టలేరు కనుక, అసలుదని రాతపూర్వక హామీ ఇచ్చి, తేడా వస్తే డబ్బు వాపసు ఇచ్చేవారి దగ్గరే కొనండి.

ప్రశ్న: నాణెం అసలుదైతే చాలు కదా, అది ఎవరెవరి చేతులు మారిందో తెలుసుకోవడం అవసరమా?

సమాధానం: అసలుదైనంత మాత్రాన సరిపోదు. 2020 అక్టోబరులో లండన్ వేలంలో బ్రూటస్ బంగారు నాణెం ఒకటి 32 లక్షల 40 వేల పౌండ్లకు పోయింది. దాని పూర్వ యజమానుల వివరాలు కల్పితమని న్యూయార్క్ అధికారుల దర్యాప్తులో తేలి, 2023లో అది గ్రీస్ దేశానికి తిరిగి వెళ్లింది. నాణెం నిజమైనదేనని నిపుణులు ఒప్పుకున్నా, అబద్ధమైన కాగితాల వల్ల ఆ అమ్మకం నిలవలేదు. ఇటలీ, గ్రీస్ దేశాల్లో భూమిలో బయటపడే పురావస్తువులు ప్రభుత్వానికే చెందుతాయి. అక్రమ రవాణాను అడ్డుకునే యునెస్కో ఒప్పందం 1970లో కుదిరింది కాబట్టి, అంతకుముందు అచ్చయిన వేలం జాబితాలో ఫొటోతో సహా కనిపించే నాణేనికి విలువ ఎక్కువ. ‘పాత సేకరణ నుంచి’ అన్న ఒక్క మాటను ఆధారంగా తీసుకోకండి. ఏ సేకరణ, ఏ వేలం, ఏ సంవత్సరం, ఎన్నో నంబరు అని అడగండి. నాణెం అక్రమంగా తవ్వితీసినప్పుడు దానితో పాటు దొరికిన కుండ, పక్క నాణేలు, మట్టి పొర అన్నీ చెదిరిపోతాయి. బ్రూటస్ టంకశాల ఎక్కడెక్కడ మకాం వేసిందన్న ప్రశ్నకు సమాధానం అలాంటి చోట్లే దొరకాలి.

ప్రశ్న: నల్లబడిన వెండి దెనారియస్‌ను మెరుగుపెట్టవచ్చా?

సమాధానం: వద్దు. ఆ నలుపు శతాబ్దాలుగా ఏర్పడిన పొర. రుద్దితే గీతలు పడి, అందమూ ధరా రెండూ పోతాయి. అంచులు పట్టుకుని మాత్రమే ఎత్తండి. మెత్తని పీవీసీ సంచుల నుంచి వచ్చే జిగురు పచ్చగా పట్టేస్తుంది కనుక గట్టి ప్లాస్టిక్ పెట్టె గాని, ఆమ్లం లేని కాగితపు కవరు గాని వాడండి. పాత యజమాని చేతిరాతతో ఉన్న చీటీ వస్తే దాన్ని కూడా నాణెంతో పాటే భద్రపరచండి.